పాపం అప్పా, రోగమా, బానిసత్వమా?

క్రైస్తవంలోని అతి పెద్ద వాదాల్లో ఒకటి అంతియొకయ పట్టణంలో భోజనం దగ్గర బయటపడింది. యేసు శిష్యుల్లో ముఖ్యుడైన పేతురు అక్కడ యూదులు కాని విశ్వాసులతో కలిసి తినేవాడు. యెరూషలేము సంఘ నాయకుడు యాకోబు తరఫు మనుషులు కొందరు అక్కడి నుంచి వచ్చేసరికి జంకి, మెల్లగా పక్కకు తప్పుకున్నాడు. యూదులు కానివాళ్ల మధ్య క్రీస్తును ప్రకటిస్తున్న అపొస్తలుడు పౌలు ఊరుకోలేదు. అందరి ముందే ఆయన్ని నిలదీశాడు. ఈ సంగతిని పౌలే గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో చెప్పుకున్నాడు. పైకి చూస్తే ఇది ఎవరితో కలిసి తినవచ్చు, ఎవరితో తినకూడదు అనే ఆచారం గొడవ. దాని కింద ఉన్న ప్రశ్న మాత్రం వేరు. దేవుడి ముందు నీతిమంతుడిగా నిలబడాలంటే మోషే ధర్మశాస్త్రాన్ని పాటించి తీరాలా, క్రీస్తుపై విశ్వాసం చాలా?

ఈ కథను సాధారణంగా ‘విశ్వాసమా, క్రియలా’ అనే పోటీగా చెబుతుంటారు. అలా చెబితే సగమే చెప్పినట్టు. రక్షణ ఎలా దొరుకుతుంది అనే ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది: మనిషిని దేని నుంచి రక్షించాలి? పాపం అప్పు అయితే ఎవరో ఒకరు తీర్చాలి. రోగం అయితే వైద్యం కావాలి. బానిసత్వం అయితే విడిపించేవాడు రావాలి. కోర్టులో నేరం అయితే తీర్పు కావాలి. బైబిల్లో ఈ పోలికలన్నీ ఉన్నాయి. ఒక్కో సంఘం ఒక్కోదాన్ని గట్టిగా పట్టుకుంది. రక్షణ గురించి వాళ్ల మధ్య కనిపించే తేడాల్లో చాలావరకు అక్కడి నుంచే మొదలవుతాయి.

హీబ్రూలో పాపానికి ఎక్కువగా వాడే మాటకు మూలార్థం గురి తప్పడం. న్యాయాధిపతుల గ్రంథం 20వ అధ్యాయంలో బెన్యామీను గోత్రానికి చెందిన 700 మంది ఎడమచేతి వాటం వీరుల ప్రస్తావన వస్తుంది. తలవెంట్రుకను గురిపెట్టినా వాళ్ల వడిసెల రాయి తప్పదట. అక్కడ ‘తప్పదు’ అన్న చోట ఉన్న క్రియ, వేరేచోట ‘పాపం చేయడం’ అని అనువాదమయ్యే క్రియ ఒకటే. ఇదికాక వంకరతనం అనే అర్థమున్న మాట ఒకటి, తిరుగుబాటు అనే అర్థమున్నది ఇంకొకటి ఉన్నాయి. యేసు కాలం నాటి అరామిక్ భాషలో అప్పుకూ పాపానికీ ఒకే మాట వాడేవారు. పరలోక ప్రార్థనలో ఆ జాడ ఇప్పటికీ ఉంది. మత్తయి సువార్తలో ‘మా ఋణములు క్షమించుము’ అని ఉంటే, అదే ప్రార్థన లూకా సువార్తలో ‘మా పాపములను క్షమించుము’ అని ఉంటుంది.

బరువు అనే పోలిక ఇంకా పాతది. లేవీయకాండం 16వ అధ్యాయంలో ప్రాయశ్చిత్త దినాన రెండు మేకలను తెస్తారు. ఒకదాన్ని బలి ఇస్తారు. రెండోదాని తలమీద యాజకుడు చేతులుంచి, ప్రజల పాపాలన్నీ ఒప్పుకుని, వాటిని దాని మీద మోపి అరణ్యంలోకి పంపించేస్తాడు. అక్కడ పాపం మోసుకుపోవలసిన మూట.

ఇక ధర్మశాస్త్రం. ‘తోరా’ అనే హీబ్రూ మాటను తెలుగు బైబిల్ ‘ధర్మశాస్త్రము’ అంది. మంచి మాటే కానీ, వినగానే విధులూ నిషేధాలూ ఉన్న చట్టం పుస్తకమే మనసులో మెదులుతుంది. తోరా అంటే మూలార్థంలో ఉపదేశం, దారి చూపడం. అందులో సృష్టి కథ ఉంది, అబ్రాహాము ప్రయాణం ఉంది, ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి విడుదల ఉంది. రబ్బీల (యూదు మతగురువుల) లెక్క ప్రకారం ఆజ్ఞలు 613. చేయవలసినవి 248, చేయకూడనివి 365. అయినా పది ఆజ్ఞలు ఎలా మొదలవుతాయో చూడాలి. దాస్యగృహం నుంచి నిన్ను బయటికి తెచ్చిన దేవుణ్ణి నేనే అన్న మాట ముందు వస్తుంది, ఆజ్ఞలు ఆ తర్వాత. విడుదల ముందు, నియమం వెనుక. ధర్మశాస్త్రం పాటించినందుకు ఇశ్రాయేలు విడుదల పొందలేదు, విడుదల పొందినవాళ్లు ఎలా బతకాలో చెప్పడానికే అది వచ్చింది. 176 వచనాలున్న 119వ కీర్తన అంతా ఆ ధర్మశాస్త్రం మీది ప్రేమగీతం. పౌలు పత్రికలు మాత్రమే విని ధర్మశాస్త్రమంటే భరించలేని కాడి అనుకున్నవాళ్లకు ఆ కీర్తన కాస్త అయోమయంగానే ఉంటుంది.

మరి పౌలుకు దానితో ఇబ్బంది ఎక్కడొచ్చింది? యూదులు కానివాళ్లు క్రీస్తును నమ్మి గుంపులుగా రావడం మొదలైంది. వాళ్లు సున్నతి చేయించుకోవాలా? క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేములో అపొస్తలులూ పెద్దలూ కూర్చుని దీన్ని తేల్చారు. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం ప్రకారం సున్నతి అక్కర్లేదన్నారు. విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినది, జారత్వం, ఈ నాలుగింటికీ దూరంగా ఉంటే చాలన్నారు. కాగితం మీద సమస్య తీరింది. మనుషుల్లో తీరలేదు.

పౌలు వాదం తేదీల లెక్కతో నడుస్తుంది. ఆదికాండం 15వ అధ్యాయంలో అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. సున్నతి 17వ అధ్యాయంలో, అతనికి 99 ఏళ్లప్పుడు. రెండింటికీ మధ్య ఇష్మాయేలు పుట్టి 13 ఏళ్ల వాడయ్యాడు. అంటే నీతిమంతుడన్న పేరు వచ్చేనాటికి అబ్రాహాము సున్నతి లేనివాడే. మోషే ధర్మశాస్త్రమైతే వాగ్దానం తర్వాత 430 ఏళ్లకు వచ్చింది. వెనక వచ్చినది ముందున్న వాగ్దానాన్ని ఎలా కొట్టేస్తుంది? వాదించే పద్ధతి పక్కా యూదు పండితుడిది. ధర్మశాస్త్రం పరిధి ఎంతో ఆయన ధర్మశాస్త్రంలోంచే చూపిస్తున్నాడు.

అలాగైతే ధర్మశాస్త్రం ఎందుకొచ్చినట్టు? దీనికి పౌలు ఇచ్చిన పోలిక తెలుగులో కాస్త దారి తప్పింది. గలతీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో ధర్మశాస్త్రం మనకు ‘బాలశిక్షకుడు’ అయిందని ఉంటుంది. చదవగానే అక్షరాలు దిద్దించే పంతులు గుర్తొస్తాడు. గ్రీకు మూలంలో ఉన్న ‘పైదగోగోస్’ పంతులు కాదు. ధనవంతుల ఇళ్లలో పిల్లవాణ్ణి బడికి తీసుకెళ్లి తీసుకొచ్చే బానిస. దారిలో అల్లరి చేయకుండా చూస్తాడు, అవసరమైతే ఒక దెబ్బ వేస్తాడు. పిల్లవాడు పెద్దవాడైతే అతని పని అయిపోయినట్టే. ధర్మశాస్త్రానికి పౌలు ఇచ్చిన స్థానం అది. గౌరవం ఉంది, గడువు కూడా ఉంది.

రోమీయులకు రాసిన పత్రికలో ఆయన ఇంకా లోతుకు వెళ్తాడు. ధర్మశాస్త్రం పాపమా అని తనే ప్రశ్న వేసుకుని, కానే కాదంటాడు. అది పరిశుద్ధమైనదే. కానీ ఆశించవద్దు అని ఆజ్ఞ చెప్పకపోతే దురాశ అంటే ఏమిటో తనకు తెలిసేది కాదంటాడు. ఆ ఆజ్ఞనే అదనుగా తీసుకుని పాపం తనలో సకల విధమైన దురాశను పుట్టించిందంటాడు. వద్దన్న పని మీదికే మనసు పోవడం ఎవరికి తెలియదు! ఇక్కడ పాపం అంటే మనిషి చేసే తప్పుడు పనుల పట్టిక కాదు, మనిషి మీద పెత్తనం చేసే శక్తి. అందుకే 6వ అధ్యాయం చివర పాపం వల్ల వచ్చే ‘జీతం’ మరణం అన్నాడు. ఆ గ్రీకు మాట సైనికులకిచ్చే భత్యానికి వాడేది. పాపం యజమాని, కొలువు చేసినవాడికి లెక్కగా జీతం ముట్టజెబుతుంది. అదే వాక్యంలో దేవుడు ఇచ్చేదాన్ని మాత్రం కృపావరం అంటాడు. పని చేయించుకుని ఇచ్చేది జీతం, ఊరికే ఇచ్చేది వరం. పౌలు సిద్ధాంతం మొత్తానికి ఇంతకంటే పొట్టి రూపం దొరకదేమో.

పాపం ఒక పెత్తందారు అయితే, మరింత కష్టపడి ఆజ్ఞలు పాటించమని చెప్పడం సంకెళ్లలో ఉన్నవాణ్ణి పరుగెత్తమనడమే. ఈ మాట అందరికీ మింగుడుపడలేదు. 5వ శతాబ్దం మొదట్లో బ్రిటన్ నుంచి వచ్చి రోములో బోధిస్తున్న పెలాగియస్ అనే సన్యాసి దీన్ని ఒప్పుకోలేదు. దేవుడు ఒక పని చేయమన్నాడంటే అది మనిషికి సాధ్యమయ్యే ఉండాలి, చేతకాని పని చెప్పి చేయలేదని శిక్షించేవాడు న్యాయవంతుడెలా అవుతాడు అన్నది ఆయన వాదన. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో బిషప్పుగా ఉన్న అగస్టీన్ దీనికి పూర్తిగా ఎదురు నిలబడ్డాడు. నువ్వు ఆజ్ఞాపించినదాన్ని చేసే శక్తి కూడా నువ్వే ఇవ్వు అని దేవుణ్ణి వేడుకున్నవాడాయన. ఆదాముతోనే మనిషి చిత్తం చెడిపోయిందనీ, కృప ముందుగా తాకితే తప్ప అది మంచివైపు తిరగలేదనీ ఆయన మాట. 418లో కార్తేజ్ సభ, 431లో ఎఫెసు మహాసభ పెలాగియస్ పక్షాన్ని తోసిపుచ్చాయి. న్యాయంగా చెప్పాలంటే పెలాగియస్ వేసిన ప్రశ్న మాత్రం చావలేదు. నైతిక బాధ్యత గురించి మాట్లాడే ప్రతిచోటా అది మళ్లీ లేస్తూనే ఉంది.

పుట్టుకతోనే మనిషికి అంటుకునే జన్మపాపం గురించిన ఈ వాదంలో ఒక చిన్న మాటకు చాలా బరువు పడింది. రోమీయులకు 5:12ను అగస్టీన్ లాటిన్‌లో చదివాడు. అక్కడ ‘అతనిలో అందరూ పాపం చేశారు’ అని అర్థం వచ్చేలా ఉంది. ఆదాము చేసినప్పుడే అందరూ చేసినట్టు. గ్రీకు మూలాన్ని చాలామంది పండితులు ‘అందరూ పాపం చేసినందువల్ల’ అనే చదువుతారు. తెలుగు బైబిల్లోనూ ‘పాపము చేసినందున’ అనే ఉంది. జన్మపాప సిద్ధాంతం ఈ ఒక్క మాట మీదే ఆధారపడిందనడం అతిశయోక్తి. కానీ గ్రీకులోనే చదువుకున్న తూర్పు సంఘాలు వేరే దారిలో వెళ్లడానికి ఇదీ ఒక కారణం. ఆదాము దోషం బిడ్డలకు వారసత్వంగా రాదనీ, వచ్చేది మరణమూ పాపం వైపు మొగ్గే బలహీనతా అనీ ఆర్థడాక్స్ సంఘాలు చెబుతాయి. అక్కడ పాపం ముఖ్యంగా రోగం, సంఘం ఆసుపత్రి, క్రీస్తు వైద్యుడు. మనిషి దైవత్వంలో పాలుపొందేలా చేయడానికే దేవుడు మనిషి అయ్యాడని 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ చెప్పిన మాట ఆ సంఘాలకు ఊపిరి లాంటిది. రోగికి కావలసింది నిర్దోషి అన్న తీర్పు కాదు, ఆరోగ్యం.

పడమటి సంఘం మాత్రం అప్పు, కోర్టు అనే పోలికల వైపు వెళ్లింది. 1098లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆన్సెల్మ్ పూర్తి చేసిన గ్రంథంలో పాపమంటే దేవుడికి చెల్లించవలసిన గౌరవాన్ని చెల్లించకపోవడం. అప్పు పడినవాడు మనిషి కాబట్టి తీర్చవలసింది మనిషే. తీర్చగల స్తోమత దేవుడికి తప్ప ఎవరికీ లేదు. కాబట్టి తీర్చేవాడు దేవుడూ మనిషీ రెండూ అయి ఉండాలి. ప్రభువులూ వారికి బాకీపడ్డ రైతులూ ఉన్న ఆనాటి సమాజం వాసన ఇందులో తగులుతుందని విమర్శకులంటారు, అబద్ధం కాదు. తర్వాత 16వ శతాబ్దపు ప్రొటెస్టంట్ సంస్కర్తలు అప్పు స్థానంలో శిక్షను పెట్టారు. మనిషికి పడవలసిన శిక్షను క్రీస్తు భరించాడన్నారు. ఇప్పుడు ప్రొటెస్టంట్ ప్రసంగాల్లో ఎక్కువగా వినిపించేది ఈ రూపమే. అది మొదటి శతాబ్దం నుంచి ఉన్న ఏకైక వివరణ అని చాలామంది అనుకుంటారు కానీ, కాదు.

పాపాలకు పడే శిక్ష తగ్గుతుందని చెప్పి సంఘం అమ్మిన పాపపరిహార పత్రాల మీద 1517లో జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ లేవనెత్తిన అభ్యంతరం చివరికి పౌలు ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగింది. అంతకుముందు లూథర్ పడిన టెన్షన్ మామూలుది కాదు. సన్యాసిగా గంటల తరబడి పాపాలు ఒప్పుకున్నా, ఇంకేదో మర్చిపోయానన్న భయం వదిలేది కాదు. నీతిమంతుడిగా ‘తీర్చబడటం’ అంటే న్యాయాధిపతి ఇచ్చే తీర్పు అనీ, క్రీస్తు నీతి విశ్వాసి లెక్కలో జమ అవుతుందనీ ఆయన తేల్చుకున్నాడు. అందుకే విశ్వాసి ఒకేసారి నీతిమంతుడూ, పాపీ. కాథలిక్ సంఘం ట్రెంట్ మహాసభలో 1547లో దీనికి జవాబిచ్చింది. కృప లేకుండా మనిషి తన క్రియలతో రక్షణ పొందలేడని ఆ సభ కూడా చెప్పిందన్న సంగతి ప్రొటెస్టంట్ల చర్చల్లో తరచుగా మరుగున పడుతుంది. తేడా ఎక్కడంటే, నీతి అనేది మనిషి లెక్కలో జమ కావడం మాత్రమే కాదు, అతని లోపలికి నిజంగా వచ్చి అతన్ని మారుస్తుందనీ, కృపతో చేసిన మంచి పనుల వల్ల అది పెరుగుతుందనీ, మరణకరమైన పాపం చేస్తే అది పోతుందనీ ట్రెంట్ చెప్పింది.

ఇక్కడ ఒక వింత ఉంది. 1522 నాటి జర్మన్ అనువాదంలో రోమీయులకు 3:28లో లూథర్ ‘మాత్రమే’ అన్న మాట చేర్చాడు. గ్రీకులో అది లేదు, అర్థం కోసం కావాలని ఆయన వాదించాడు. విశ్వాసం, మాత్రమే అన్న రెండు మాటలూ కలిసి కొత్త నిబంధన మూలంలో ఒకే ఒక్క చోట వస్తాయి. యాకోబు పత్రిక 2:24లో. అక్కడున్నదేమో, మనిషి విశ్వాసం మాత్రమే వల్ల కాక క్రియల వల్ల కూడా నీతిమంతుడని తీర్చబడతాడని! లూథర్ ఆ పత్రికను గడ్డితో పోల్చి పక్కన పెట్టాడంటే ఆశ్చర్యం లేదు. నిజానికి యాకోబు పోట్లాడుతున్నది పౌలుతో కాకపోవచ్చు. దయ్యాలు కూడా దేవుడు ఒక్కడే అని నమ్మి వణుకుతున్నాయని ఆయన అంటాడు. అంటే ఆయన తోసిపుచ్చుతున్నది తల ఊపి ఊరుకునే నమ్మకాన్ని. పౌలు విశ్వాసం అన్నప్పుడు ఉద్దేశం అది కాదు. గలతీయులకు 5వ అధ్యాయంలో ప్రేమ ద్వారా పనిచేసే విశ్వాసం అని ఆయనే వివరించాడు.

కృప ఉచితమైతే ఆజ్ఞలతో పనేముంది? లూథర్ బతికుండగానే ఆయన సహచరుడు యోహాన్ అగ్రికోలా ఈ మాట అన్నాడు. లూథరే అతన్ని ఖండించాల్సి వచ్చింది. లూథర్ తర్వాతి తరం సంస్కర్త జాన్ కాల్విన్ ధర్మశాస్త్రానికి మూడు పనులున్నాయన్నాడు. అద్దంలా పాపాన్ని చూపడం, భయపెట్టి దుర్మార్గుణ్ణి అదుపులో ఉంచడం, విశ్వాసికి దారి చూపడం. ఈ మూడోదే ముఖ్యమైనదని ఆయన అభిప్రాయం. మరి ఏ ఆజ్ఞలు? పంది మాంసం నిషేధం పోయి, దొంగతనం నిషేధం ఎలా నిలిచింది? దీనికి 13వ శతాబ్దపు కాథలిక్ పండితుడు థామస్ అక్వినాస్ నుంచి 17వ శతాబ్దపు ఇంగ్లండు ప్రొటెస్టంట్ల వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం దాకా ఇచ్చిన జవాబు ఒకటే: ఆజ్ఞలు నైతికమైనవి, ఆచార సంబంధమైనవి, న్యాయపాలనకు చెందినవి అని మూడు రకాలు, మొదటి రకమే అందరికీ ఎప్పటికీ వర్తిస్తుంది.

ఉపయోగపడే విభజనే, కానీ మోషే గ్రంథాల్లో ఆ గీతలు కనిపించవు. లేవీయకాండం 19:18లో నీ పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించు అన్న మహావాక్యం ఉంది. వెంటనే 19వ వచనంలో రెండు రకాల నూలు కలిపి నేసిన బట్ట వేసుకోవద్దని ఉంది. రెండింటి మధ్యా శీర్షిక లేదు, విరామం లేదు. ఏది నైతికం, ఏది ఆచారం అన్న తీర్పు చదివేవాడు బయటి నుంచి తెచ్చుకున్నదే. విశ్రాంతి దినం దగ్గర ఈ ఇబ్బంది బాగా బయటపడుతుంది. అది పది ఆజ్ఞల్లో ఒకటి, కాబట్టి నైతికం. అయినా చాలా సంఘాలు శనివారాన్ని వదిలి ఆదివారం కూడుకుంటాయి. 1863లో ఏర్పడిన సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘం శనివారాన్నే పట్టుకుని, మార్చే హక్కు మీకెవరిచ్చారు అని అడుగుతుంది. తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదది. యేసు కూడా ధర్మశాస్త్రాన్ని కొట్టివేయడానికి కాదు, నెరవేర్చడానికి వచ్చానన్నాడు కదా. ‘నెరవేర్చడం’ అంటే పూర్తిచేసి పక్కన పెట్టడమా, నిండుగా పాటించి చూపడమా అన్నదగ్గరే సంఘాలు విడిపోతాయి.

ఈ మొత్తం వాదంలో యూదులకు జరిగిన అన్యాయం కూడా ఉంది. యూదు మతమంటే మంచి పనులు పోగుచేసి స్వర్గం కొనుక్కోవడమేనని క్రైస్తవ బోధకులు శతాబ్దాలుగా చెబుతూ వచ్చారు. 1977లో ఇ.పి. శాండర్స్ అనే పండితుడు ఆ కాలపు యూదు రచనలు తిరగేసి ఈ బొమ్మ తప్పని చూపించాడు. అక్కడా నిబంధన, అంటే దేవుడు ఇశ్రాయేలుతో చేసుకున్న ఒప్పందం, దేవుడి కృప వల్లే వస్తుంది, తప్పు చేసినవాడికి పశ్చాత్తాపమూ ప్రాయశ్చిత్తమూ ఉన్నాయి, ఆజ్ఞలు పాటించడం ఆ నిబంధనలో నిలిచి ఉండటానికే. ఆ తర్వాత పౌలును మళ్లీ చదవడం మొదలైంది. ఆయన ‘ధర్మశాస్త్ర క్రియలు’ అన్నది ముఖ్యంగా సున్నతి, ఆహార నియమాల వంటి యూదులను వేరుచేసే గుర్తుల గురించేనని కొందరంటారు. లూథర్ చదివినదే సరైనదని ఇంకొందరు గట్టిగా నిలబడతారు. అంతియొకయలోని భోజనాన్ని గుర్తుచేసుకుంటే మొదటివాళ్ల మాటలో బలం ఉందనిపిస్తుంది. రోమీయులకు 7వ అధ్యాయం చదివితే అంత తేలిగ్గా తేల్చలేం. ఆశించవద్దు అన్నది ఆహార నియమం కాదు కదా.

1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్కులూ లూథరన్లూ నీతిమంతులుగా తీర్చబడటం గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. మన యోగ్యత వల్ల కాక, కృప వల్లనే, క్రీస్తు రక్షణ కార్యంపై విశ్వాసంతో దేవుడు మనల్ని అంగీకరిస్తాడన్నది దాని సారం. 2006లో మెథడిస్టులు, 2017లో సంస్కరణ సంఘాల ప్రపంచ కూటమి అందులో చేరారు. మిగిలిపోయిన తేడాలు చిన్నవేం కాదు. ఒకసారి దొరికిన రక్షణ పోతుందా అన్నది అందులో పదునైనది. నిజంగా రక్షణ పొందినవాణ్ణి దేవుడు చివరిదాకా నిలబెడతాడని కాల్విన్ దారివాళ్లు చెబుతారు. పడిపోయే ప్రమాదం ఉందని మెథడిస్టులు హెచ్చరిస్తారు. కాథలిక్కులకైతే పడినా లేవడానికి గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం అనే సంస్కారం ఉంది.

యేసు పక్కనే సిలువ వేయబడ్డ దొంగ దగ్గర ఈ సిద్ధాంతాలన్నీ తమ బలం చూసుకుంటాయి. లూకా సువార్త 23వ అధ్యాయంలో అతను తన శిక్ష న్యాయమేనని ఒప్పుకుని, యేసూ, నన్ను జ్ఞాపకం చేసుకో అంటాడు. నేడు నువ్వు నాతో పరదైసులో (స్వర్గంలో) ఉంటావని జవాబు వస్తుంది. అతనికి బాప్తిస్మం లేదు. దొంగిలించినది తిరిగిచ్చే వీలు లేదు, చేతులు మేకులతో బిగించి ఉన్నాయి. ప్రొటెస్టంట్లు ఇదే విశ్వాసం మాత్రమే అంటే అని చూపిస్తారు. యాకోబు మాట గట్టిగా పట్టుకున్నవాళ్లు, అందరూ వదిలేసిన వేళ యేసు పక్షాన నోరు విప్పడం కంటే పెద్ద క్రియ ఏముంటుందంటారు. కోరిక ఉండి అవకాశం లేనివాడికి ఆ కోరికే బాప్తిస్మంగా చెల్లుతుందని కాథలిక్ బోధ. ఆర్థడాక్స్ విశ్వాసులు ఈ వాదంలోకి పెద్దగా దిగరు. ప్రభురాత్రి భోజనం అందుకునే ముందు వాళ్లు చెప్పుకునే ప్రార్థనలో ఆ దొంగ మాటే ఉంటుంది: ఆ దొంగలాగే నిన్ను ఒప్పుకుంటున్నాను, నీ రాజ్యంలో నన్ను జ్ఞాపకం చేసుకో.